జడ్జిగారి బొటనవేలు

ఆకులు రాలే రోజులొస్తే వంటింటి కిటికీ గట్టు మీద పర్సిమన్ పండ్లు బారులు తీరతాయి. వాటి నారింజరంగు చూసి మోసపోకూడదు; లోపల మెత్తబడేదాకా ఒకటే వగరు. అందుకే అత్తగారు రోజూ పొద్దున్నే చెయ్యి తుడుచుకుని, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి, "నువ్వు రా, నువ్వింకా కూర్చో" అని తీర్పు చెబుతుంది. ఇంట్లో ఆవిడకు జడ్జిగారని పేరు. ఆ తీర్పుకి అప్పీలు లేదు.

ఈ ఆదివారం ఆవిడ తీర్పిచ్చిన పండ్లనే మిక్సీలో వేసి, పంచదారతో ఉడికించి జామ్ చేసింది. మనవరాలు రొట్టె మీద రాసుకుని కొరికి, వెంటనే ఉమ్మేసింది. "నాలుక పట్టేసింది నాయనమ్మా!"

"అదేం? అన్నీ నేను నొక్కి చూసినవే!"

కోడలు ఆవిడ పక్కకు తీసిపెట్టిన ఇంకో పండు అందుకుంది. రాయిలా ఉంది. "ఇదీ పండిందనే తీశారా అత్తయ్యా?"

"పండిందేగా."

"ఏదీ, మళ్లీ నొక్కండి" అంటూ కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. బొటనవేలి కొసన శనగగింజంత బొబ్బ. "ఇదెప్పుడు కాలింది?"

జడ్జిగారు ఆ వేలిని ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

"కాలిందా?" అంది.