కార్తీకంలో చేపనూనె

మా అత్తగారు పోయి ఈ శుక్రవారానికి పదిహేను రోజులు. పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. నేను తెచ్చేలోగా పక్కకు ఒరిగిపోయారు. "వయసైపోయిన మనిషేగా" అంటూ పలకరించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. ఆ వయసును ఒక్కో చలికాలమే ఎలా గట్టెక్కించామో వాళ్ళకేం తెలుసు?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది వానల్లో ఆవిడకు నిమ్ము చేసింది. సూదిమందులతో బతికారు గానీ మనిషి పుల్లయిపోయారు. ఆసుపత్రి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈ వయసులో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుందమ్మా. రోజూ నడిపించు. గుడ్డు, పాలు, చెంచాడు చేపనూనె మానొద్దు. చలిలో మళ్ళీ నిమ్ము చేస్తే ఇక నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

నడక దగ్గరే మొదటి పేచీ. "పనీ పాటా నేకుండా రోడ్డెంట తిరగడానికి నానేటి దొరసాన్నా?" అన్నారు. చివరికి చంకలో ఖాళీ తట్ట పెట్టుకుని, ఎవరడిగినా పేడకని చెబుతూ, వడ్డాది రోడ్డున చెరకు బళ్ళ పక్కన నడిచారు. నెల తిరిగేసరికి ఆయాసం తగ్గింది. తట్ట కూడా నిజంగానే నిండి వచ్చేది. మోసేది మాత్రం నేనే.

ఇంతలో కార్తీకం వచ్చింది. గుడ్డు మానేశారు, చేపనూనె మానేశారు, సోమవారాలు పస్తు. చలి ముదిరి దగ్గు మొదలైంది. బతిమాలాను, కోప్పడ్డాను.

"నెల్లాళ్ళే కదే" అనేవారు. నిమ్ము నెల్లాళ్ళు ఆగుతుందా?

ఆ తర్వాత నాలుగు చలికాలాలు ఆవిడను నిలబెట్టింది నేనేనని మా వీధిలో అంటారు. కాదు. అందుకే ఆ కార్తీకంలో ఒకరోజు సంగతి మీకు చెప్పాలి.

ఆ మధ్యాహ్నం చెంచాడు నూనె పప్పులో కలిపేసి, వాసన రాకుండా ఇంగువ దట్టించాను. మొదటి ముద్ద ఆవిడ నోటిదాకా వెళ్ళి ఆగింది. నా వైపు చూశారు. కంచం విసిరేస్తారనుకున్నాను.

"ఇందులో ఏటి కలిపేవే?"

నా చూపు గూట్లో ఉన్న నూనె సీసా మీదికి పోయింది.

"సిన్న పిల్లల తల్లివి. నాకు తెలీకుండా పెడితే ఈ పాపం నీకు సుట్టుకుంటాది. తెలిసి తాగితే నాకే. ఆ సీసా ఇలా తే."

ఏడుస్తూనే చెంచాలో పోశాను. కళ్ళు మూసుకుని మింగేశారు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ వచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏటి వదినా, కార్తీకంలో ఈ నీసు కంపు? నీ కోడలు గాని..."

మా అత్తగారు లేచి, నన్ను వెనక్కి నెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. పెదవి మీద నూనె ఇంకా మెరుస్తోంది. తుడుచుకోలేదు.

"నానే తాగేను" అన్నారు.