యోహాన్ గారి గోత్రం

నూజివీడులో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు చేతికి ఏదిచ్చినా ముందు వాసన చూసేవారు. మామిడిపండు ముచ్చిక దగ్గర వాసన చూసి అది విస్సన్నపేటదో ముసునూరుదో చెప్పేసేవారు. మా పరీక్ష పేపర్లకీ అదే మర్యాద.

వాళ్లమ్మగారి ముత్తాత, తోటలు పెంచడానికి జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన దొర. ఇంట్లో ఆయన ఊరు తెలుసుగానీ పేరు తెలియదు. పేరు తెలియక ఇన్నాళ్లూ ఎవరూ తర్పణం వదల్లేదని ఆవిడ బెంగ. రిటైరయ్యాక మాస్టారు ఆరేళ్లపాటు ఆ ఊరికి మెయిళ్లు రాశారు. చివరికి అక్కడి చర్చి రిజిస్టరులోంచి ‘ఇండియా వెళ్లిన తోటమాలి’ అని రాసి ఉన్న పేజీ నకలు పోస్టులో వచ్చింది. మాస్టారు కవరు చింపి, కాగితం వాసన చూసి, “అమ్మా, మనాయనే! పేరు యోహాన్!” అని కేకేశారు.

మహాలయ అమావాస్యనాడు పంతులుగారు ఆయన చేతిలో నువ్వులు పోసి, “గోత్రం చెప్పండి” అన్నారు. మాస్టారికి ఆరేళ్లలో ఆ సంగతే తట్టలేదు.

“తెలియకపోతే కాశ్యప గోత్రమేనండీ, కానివ్వండి,” అన్నారు పంతులుగారు. అలా దొరగారు యోహాన్ శర్మ అయి, మొదటిసారి తనవాళ్ల చేతి నీళ్లు అందుకున్నారు. అమ్మగారు కళ్లొత్తుకుంటూ నవ్వారు.

మాస్టారు తడి చేత్తోనే ఫోన్ తీసి జర్మనీకి మెయిల్ పెట్టారు: “అయ్యా, మీ రిజిస్టరులో మా తాతగారి గోత్రం లేదు. కాశ్యప గోత్రమని చేర్చుకోగలరు.”