ఎవరికీ చెప్పకు!

కువైట్‌కు వచ్చిన కొత్తలో నేను చేసిన ఘనకార్యం వింటే, నాకు కౌన్సెలర్ పట్టా ఇచ్చిన కాలేజీవాళ్లు దాన్ని వెనక్కి అడుగుతారు. అయినా చెబుతాను.

అబూ హలీఫాలో ఓ క్లినిక్. శుక్రవారాల్లో మనవాళ్లు గుండ్రంగా కూర్చుని మనసులో బాధ చెప్పుకునే బృందం ఒకటి మొదలుపెట్టాను. మనిషికి ఐదు దీనార్లు. వచ్చేది ముగ్గురే: ఇంటిపని చేసే కడప రమణమ్మ, రాయచోటి డ్రైవర్ ఓబులేసు, కాకినాడ నర్సు సుజాత.

మొదటి వారమే రమణమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"మా మామా, అదే నేను పన్జేసే ఇంటామె, జీతం సరిగ్గా ఇయ్యడంల్యా మేడమ్."

నేను ఎండలో పెట్టిన వెన్నముద్దనైపోయాను. "నువ్వు రెండే ఇవ్వు. ఎవరికీ చెప్పకు!"

మరుసటి వారం ఓబులేసు. "ఇఖామాకే, అదే ఈడ ఉండే పర్మిట్టుకే, దుడ్లన్నీ ఖలాస్ మేడమ్."

"నువ్వసలు ఇవ్వకు. ఎవరికీ చెప్పకు!"

కర్ణుడికి చెల్లెలుంటే నాలాగే ఉండేదనుకుంటూ ఇంటికెళ్లాను.

బృందం మాత్రం నోరు విప్పదు. ముగ్గురూ వీసా ఆఫీసులో టోకెన్ పట్టుకున్నట్టు కూర్చునేవారు. చివరికి ఓ శుక్రవారం గొంతు సవరించుకుని, "ఇక్కడ దాపరికాలొద్దు. మనసులో బరువేదైనా దించేయండి" అన్నాను.

ఎన్నడూ పలకని ఓబులేసు చెయ్యెత్తాడు. ఆహా, నా విద్య పండిందనుకున్నాను!

"మేడమ్ నా కాడ ఫీజు తీసుకోల్యా. ఎవురికీ చెప్పగాకన్యారు. మీ మొగాలు చూడాలంటే సిగ్గయితాండాది. అందుకే మాట్లాడల్యా."

"అట్లనా!" రమణమ్మ లేచి నిలబడింది. "నా కాడ రెండే! నాకూ అదే చెప్పినారు!"

ఇద్దరూ సుజాత వైపు తిరిగారు.

"నేను మొత్తం కడతన్నానండి," అంది సుజాత చల్లగా. "దాచుకోడానికి నాకో రహస్యం కూడా ఇవ్వలేదండి మేడమ్ గారు."

ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి.

"తప్పు నాదే," అన్నాను. "తగ్గింపు ఉందని అందరికీ మొదటిరోజే చెప్పాల్సింది. ఎవరు ఎంత కడతారన్నది మాత్రం వాళ్ల సొంత విషయం."

సుజాత నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వింది. దాంతో మిగతా ఇద్దరూ. ఆ రోజు మాటలు ఎంతకీ ఆగలేదు. వెళ్తూ వెళ్తూ ఓబులేసు ఒక దీనారు నా చేతిలో పెట్టాడు.

"వద్దన్నాను కదా!"

"ఉండనీ మేడమ్. ఊరికే వచ్చి ఏడిస్తే మొగమాటంగా ఉండాది. దుడ్లిచ్చినాక ఎంత గట్టిగా ఏడ్చినా అడిగేటోడుండడు!"

కాబట్టి, పాఠక మహాశయులారా, అరేబియా ఎడారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఫీజు సంగతి ఇకమీదట ఏ మెట్ల దగ్గరా గుసగుసలాడను. తగ్గింపు ఉందని మైకు పెట్టి మరీ చెబుతాను!