చివరి వాక్యం నుంచి చదివిన గ్రంథం

మనుషులు చదవడం నేర్చిన నాటి నుంచీ మొదటి వాక్యంతో మొదలెట్టి చివరి వాక్యం దాకా పోవడమే లోకరీతి. రాజ్యాలు కూలినా ఈ పద్ధతికి ఢోకా రాలేదు. దాన్ని ఇరవై రెండేళ్ళ పాటు ఏకధాటిగా కాలదన్నిన ఘనత ఒకే ఒక్క మనిషికి దక్కింది. ప్రెస్సులో మెట్ల కింద గదిలో కూర్చుని అచ్చుతప్పులు దిద్దే ఆవిడను అందరూ ప్రూఫు పిన్ని అంటారు.

పిన్ని ఏ పుటనైనా చివరి వాక్యం నుంచి పైకి చదువుతుంది. అర్థం తలకెక్కితే తప్పు కంటికి ఆనదని ఆవిడ సిద్ధాంతం. ఆ ప్రెస్సు అచ్చేసే పవిత్ర గ్రంథాన్నీ తొమ్మిది ముద్రణలకు తొమ్మిదిసార్లు అలాగే చదివింది. ఏ మాట ఏ పుటలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అందులో ఏముందని అడిగితే మాత్రం, మంచి విషయాలే ఉంటాయిలే అనేది.

పదో ముద్రణ పని నడుస్తుండగా ఆవిడ భర్త పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు తలా కాస్త వేదాంతం చెప్పి, టీ తాగి వెళ్ళారు. పిన్ని కంట చుక్క రాలేదు. రెండు వారాలకు పనిలోకొచ్చి, పరధ్యానంలో పుటను పైనుంచి కిందికి చదివేసింది. సగంలో ఒక వాక్యం ఎదురైంది: 'ఎన్నాళ్ళు మోస్తావు, ఇలా దించు.' తొమ్మిదిసార్లు కామా సరిచూసి వదిలేసిన వాక్యమే. పెన్సిలు పక్కన పెట్టి, అరచేతుల్లో మొహం దాచుకుని మధ్యాహ్నం దాకా ఏడ్చింది.

ఆ రోజు నుంచి వెనక్కి చదవనంది. రోజుకు నలభై పుటలు దిద్దే మనిషి ఆరుకు దిగింది. ప్రెస్సు ఓనరూ, గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన పండితుడూ మెట్ల కిందికి వంగి వచ్చారు. పాత పద్ధతిలో చదవకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని ఓనరు తేల్చేశాడు. పిన్ని ఆ వాక్యం చూపిస్తే, పండితుడు నచ్చజెప్పాడు.

"చూడమ్మా, అది ఓడిపోయిన రాజుకు చెప్పిన మాట. దానికి ఏడు అర్థాలున్నాయి. నీకు చెప్పింది కాదు."

"ఆ ఏడూ మీరే ఉంచుకోండి బాబూ. రాజుగారి సంగతి నాకు తెలీదు. చదివింది నేను, నాకే చెప్పింది."

"ఉద్యోగం పోతుంది పిన్నీ," అన్నాడు ఓనరు.

"పోనీ. మా ఆయనే పోయాడు."

ఓనరు వచ్చినట్టే వంగి బయటపడ్డాడు. పండితుడు ఎనిమిదో అర్థం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. పిన్ని తర్వాతి పుట తీసి, మొదటి వాక్యం మీద వేలు పెట్టింది.

వెనక్కి చదివే మరో మనిషి కోసం ఓనరు ఊరంతా గాలించాడు, దొరకలేదు. పదో ముద్రణ పిన్ని చేతి మీదుగానే, ఐదు నెలలు ఆలస్యంగా వచ్చింది. అందులో నూట నాలుగు అచ్చుతప్పులున్నాయి.