తలుపు కొట్టిన విధవరాలు

మా పిన్ని ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆ ఆవిరికి చేతులెప్పుడూ ఎర్రగా కంది ఉంటాయి. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ మెచ్చుకునేవారు. అది మెప్పో, వాళ్ల వీలుకోసం అనుకున్న మాటో నాకెప్పుడూ అనుమానమే.

బాబాయి కప్పుల మీద పెంకులు సర్దేవాడు. చర్చి కారుతోందని పాస్టరుగారు పిలిపించారు. వానకు పెంకులు జారుతున్నాయి, ఆరాక ఎక్కుతానన్నాడు బాబాయి. "ఆదివారం పెద్దవాళ్లొస్తున్నారయ్యా, ఇవాళే ఎక్కాలి" అన్నారాయన. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లిన పిన్ని గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. బాబాయి ఎక్కాడు, జారిపడ్డాడు, అక్కడికక్కడే పోయాడు.

సమాధి దగ్గర పాస్టరుగారు ఏమన్నారో తెలుసా? "వద్దంటున్నా వినలేదు. తాగి ఉన్నాడు, పాపం." చుక్క ముట్టి ఎరగని మనిషిని మట్టి కప్పకముందే తాగుబోతును చేసేశారు. అప్పుడు నేను ఊళ్లో లేను. ఉంటే అక్కడే గొడవయ్యేది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటినుంచి పిన్నిది ఒకటే పట్టు. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. రోజూ పనికి వెళ్లేముందు పాస్టరుగారి ఇంటి తలుపు కొట్టేది. ఒకరోజు జ్వరమనేవారు, ఒకరోజు స్నానంలో ఉన్నానని చెప్పించేవారు. తప్పించుకోలేక ఎదురుపడితే మాత్రం, "ప్రార్థన చేసుకోమ్మా, దేవుడే చూసుకుంటాడు" అనేవారు.

ఆ చర్చిలో బుధవారం సాయంత్రాలు ఉపమానాల క్లాసు. పాస్టరుగారు బైబిల్లో యేసు చెప్పిన కథొకటి చదివి, అందులో ఏది దేనికి గుర్తో అడుగుతారు. జనం ఎక్కాలు అప్పజెప్పినట్టు జవాబిస్తారు. విత్తనం? వాక్యం! నేల? హృదయం! ఒక్కరూ బుర్ర పెట్టి ఆలోచించిన పాపాన పోలేదు. నేను సెలవు పెట్టి వచ్చి పిన్ని పక్కన కూర్చున్న బుధవారం, వరసలో విధవరాలి కథ వచ్చింది. తన శత్రువు మీద న్యాయం చెయ్యమంటూ ఆమె దేవుడికి భయపడని, ఎవరికీ జంకని న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వెళ్తుంది. చివరకు ఆమె పోరు పడలేక అతను న్యాయం చేస్తాడు. పిన్ని ఎదుట ఆ కథ చదవడానికి ఆయనకు నోరెలా వచ్చిందో! ఎదురుగా ఉన్నదెవరో చూస్తే కదా.

"విధవరాలు?"

"ప్రార్థించే ఆత్మ!"

"ఆమె శత్రువు?"

"సాతాను!"

"మరి న్యాయాధిపతి?"

అక్కడ అందరూ తడబడ్డారు. దేవుడందామంటే అతను అన్యాయస్థుడాయె.

"మీరు" అంది పిన్ని.

పాస్టరుగారు ముఖాన నవ్వు పులుముకున్నారు. "ఇది ప్రార్థన గురించి చెప్పిన కథమ్మా. మొదట్లోనే రాసి ఉంది."

పిన్ని లేచి నిలబడింది. "ప్రార్థన చేస్తూనే ఉన్నానండీ. మీ ఇంటికి నడుస్తూ చేస్తున్నా. ఆవిడ కూడా ఇంట్లో కూర్చోలేదు, కాళ్లరిగేలా తిరిగింది. మా ఆయన్ని ఎక్కమన్నది మీరు. తాగాడన్నదీ మీరే. రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. మీరు దేనికి గుర్తో మీరే తేల్చుకోండి."

అన్నట్టే వెళ్లింది. తలుపు చప్పుడుకు ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకోవడం మొదలైంది. ఆయనకు పశ్చాత్తాపం కలిగిందని నేననుకోను. పరువు గుర్తొచ్చి ఉంటుంది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో, నేల చూపులు చూస్తూ గబగబా అనేశారు: "ఆ రోజు ఎక్కమన్నది నేనే. అతను తాగి లేడు."

బయటికి రాగానే ఆడవాళ్లు పిన్నిని చుట్టుముట్టారు. "నీ ప్రార్థన దేవుడు విన్నాడమ్మా!"

పిన్ని చేతులు విదిలించుకుంది. "దేవుడు మొదటిరోజే విని ఉంటాడు. మా ఆయన చుక్క ముట్టడని మీ అందరికీ తెలుసు. సమాధి దగ్గర ఒక్కరైనా నోరు విప్పారా?"