పొట్టి పట్టీల స్టేషను

మొన్న మా వీధిలో ఎవరికో సమన్లు ఇవ్వడానికి వచ్చిన కానిస్టేబులు పిల్ల ఒకతె ఎండకు తాళలేక మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగింది. మాటల్లో మావారు కూడా పోలీసేనని తెలిసి, ఫోనులో ఒక పాత ఫోటో తీసి చూపించింది. వాళ్ళది మావారు మొదట చేరిన స్టేషనే, దాని చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. ఫోటో కింద ఎవరో పెద్దమనిషి, పల్నాటి ఎండల వల్ల ఆనాటి పోలీసులు కాళ్ళ పట్టీలను మోకాలిదాకా కాకుండా నాలుగు వేళ్ళు కిందికే కట్టుకునేవారని రాశాడు. నాకు నవ్వాగలేదు. పాపం ఆ ఎండకేం తెలుసు, ఆ నిర్వాకం నాదైతేను.

నా ఈడువాళ్ళకు ఆ పట్టీలు గుర్తుండే ఉంటాయి. ఖాకీ నిక్కరు కింద చీలమండ నుంచి మోకాలి దాకా మడత మీద మడతగా చుట్టుకునే ఉన్నిగుడ్డ పట్టీలవి, ఒక్క మడత వంకరపోయినా కవాతులో మాట పడాల్సిందే. మా ఊరి పేరెందుకు గానీ, మాచర్ల పోయే రైలు దారిలోనే ఉండేది. పెంకులు కప్పిన స్టేషను, దాని వెనక పోలీసు కాపురాలకు వరసగా ఎనిమిది గదుల లైన్లు, అన్నిటికీ కలిపి ఒకటే బావి. జీపులూ మోటార్లూ ఎక్కడివి, మగవాళ్ళు చద్ది మూట కట్టుకుని ఊరూరా నడిచి, మునసబుగారి చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని, రెండు మూడు రోజులకు దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు.

నేను కాపురానికి వెళ్ళేనాటికి మావారు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా ఖాయం చెయ్యలేదు. వాళ్ళింట్లో అందరూ నాపరాళ్ళ క్వారీలో పనిచేసినవాళ్ళే. మా బావగారు ఆ రాతిదుమ్ముకే దగ్గి దగ్గి ముప్ఫై నిండకుండా పోయారు. ఈ ఉద్యోగం నిలవకపోతే మావారు కూడా మళ్ళీ ఆ సుత్తే పట్టుకోవాలి. ఈ సంగతి జరిగేనాటికి నాకు అయిదో నెల. రాత్రీ పగలూ నా భయమంతా అదే.

జిల్లా నుంచి పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడనగా ముందురోజు పొద్దున, మావారు వానలో రేగడి పొలాలకు అడ్డంపడి నడిచి ఊళ్ళు తిరిగి వచ్చారు. పట్టీలనిండా బురద. ఆయన కాస్త నడుం వాల్చగానే నేను ఎంతో ముచ్చటపడి, మా అమ్మ పంచెలు ఉడకేసినట్టే ఆ పట్టీలనూ చవుడు మట్టి కలిపిన నీళ్ళలో కుండకెత్తి, పొయ్యి మీద తెర్లబెట్టాను. ఉన్నిని ఉడకెయ్యకూడదని మా ఇంటావంటా ఎవరికి తెలుసు? తీసి చూస్తే కాకరకాయ వరుగుల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. ఇటు నేను, అటు పక్కింటావిడ పట్టుకుని ఎంత లాగినా సాగితేనా! యుద్ధం రోజులు, కొత్తవి కావాలంటే జిల్లాకు రాసి నెలలు కాచుకోవాలి.

మావారు లేచి చూసి వాటిని చేతిలోకి తీసుకున్నారు. గడపలో కూర్చుని చుట్టడం, మోకాలికి నాలుగు వేళ్ళు కిందే అయిపోతే విప్పడం, మళ్ళీ చుట్టడం. తిట్టినా బాగుండేది. ఏడ్చుకుంటూ హెడ్డు కానిస్టేబులుగారి ఇంటికి పరుగెత్తాను. ఆయన్ని బాబాయిగారనీ, ఆమెను పిన్నిగారనీ పిలిచేదాన్ని. ఆయన గొంతు వింటే లైన్లలో పిల్లలు అన్నం మారాం చెయ్యకుండా తినేవాళ్ళు, నేను మాత్రం ఆవేళ పిన్నిగారి కొంగు చాటునుంచే అంతా చెప్పేశాను. ఆయన పట్టీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మాయ్, సర్కారు పట్టీలను చారు కాచినట్టు కాచావా?" అన్నారు. తర్వాత మీసం దువ్వుకుంటూ స్టేషను వైపు నడిచారు.

సాయంత్రం స్టేషను వాళ్ళందరినీ వసారాలో కాళ్ళు చాపి కూర్చోబెట్టారు. "ఒరేయ్, రేపు అందరూ ఈడిదాకానే చుట్టాల. ఒకడు పొట్టిగా కడితే తప్పురా, అందరం కడితే అది మన స్టేషను పద్ధతి" అని మావారి కాలుమీద గుర్తు చూపించారు. మంచి పట్టీలున్న వాళ్ళు మిగిలిన గుడ్డను మడతల్లో ఇరికించలేక సణిగారు. ఆడవాళ్ళం తలుపుల వెనక నిలబడి వాళ్ళ లావుపాటి పిక్కలు చూసి ఒకటే నవ్వు. నేను కూడా కళ్ళు తుడుచుకుని నవ్వాను.

మర్నాడు తలుపు సందులోంచి చూశాను. దొర వరస వెంట నడుస్తూ మావారి ముందు కాసేపు ఆగాడు. మళ్ళీ ముందుకెళ్ళి, చివర హెడ్డుగారి దగ్గర చాలాసేపు నిలబడి ఏదో అడిగాడు. హెడ్డుగారు సెల్యూటు కొట్టి ఏదో చెప్పారు. అంతే. నెల తిరక్కుండానే మావారి ఉద్యోగం ఖాయమైంది. నేను పరమాన్నం వండి పట్టుకెళితే బాబాయిగారు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. పొట్టి పట్టీలు మాత్రం అలాగే ఉండిపోయాయి, కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళకు కూడా ఇక్కడి పద్ధతి ఇదేనని చెప్పి కట్టించేవాళ్ళు.

చాలా ఏళ్ళకు మావారే ఆ స్టేషనుకు హెడ్డుగా వచ్చారు. ఒకరోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. పాత దస్తరాలు సర్దుతుంటే బాబాయిగారి సంజాయిషీ కాగితం దొరికిందట. పట్టీలు అలా కట్టించింది తానేననీ, తప్పు పూర్తిగా తనదేననీ ఆయన చేతిరాతే. దాని కింద దొర ఉత్తర్వు: ఆ ఏడు ఆయనకు రావలసిన పై మెట్టు, జమేదారు పదవి ఆపమనీ, కొత్త పట్టీలు వచ్చేదాకా కట్టు అలాగే ఉండనిమ్మనీ. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన మీద పడిన మచ్చ అదొక్కటేనట. ఆ పదవి మళ్ళీ రాలేదు, ఆ సంగతి మాకెవ్వరికీ చెప్పకుండానే ఆయన హెడ్డుగానే రిటైరయ్యారు, మాకు తెలిసేసరికి పోయి రెండేళ్ళయింది. మావారు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు లైన్లు లేవు, బావి పూడ్చేశారు. క్వార్టర్లలో ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటున్నారు, ఎవరింట్లో ఏ గుడ్డ పాడైందో పక్కవాళ్ళకు తెలిసే దారే లేదు. వాళ్ళను తప్పుపట్టను, కాలం అలాంటిది. కానీ ఇంకొకరి పొరపాటు కోసం స్టేషను స్టేషనంతా పట్టీలు దించి కట్టుకున్న రోజులు నేను చూశాను. మావారూ లేరు, పిన్నిగారూ లేరు. ఆ సంజాయిషీని సరిదిద్దగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, అందుకే ఈ వయసులో ఇది రాస్తున్నాను. బాబాయిగారూ, ఆ తప్పు మీది కాదు, నాది.