పట్టపగలు వెలిగించిన కారు దీపం

మొన్న మనవడి కారులో రావిర్యాలకు పెళ్లికి పోతుంటే, ఎదురొచ్చిన ఆటో అతను గుప్పిట మూసి తెరుస్తూ, పగటిపూట మీ లైట్లు వెలుగుతున్నాయని సైగ చేశాడు. ఇప్పటి బండ్లకు అవి ఆరవు నానమ్మా, ఎదుటివాళ్లకు మనం కనబడాలనే పెడతారని మనవడు నాకు పాఠం చెప్పబోయాడు. ఆ పాఠం నాకు వాడి నాయన పుట్టకముందే తెలుసు.

పోలీస్ యాక్షన్ ఇంకా కాలేదు కానీ, మా మంచాల దిక్కు దొరల మీద ఊరూరా సంఘం లేచింది. కారులో పోతే గుర్తుపట్టి కొడతారని మా ఊరి దొర ఎద్దుబండిలో గడ్డి కింద దూరి పట్నం పారిపోయాడు. కారు గడీలోనే మిగిలింది. దాని మోత వింటేనే ఆడవాళ్లం జొన్నచేలల్లో దాక్కున్న రోజులవి, ఇక జనం దాని మీద ఎంత కసిగా ఉండేవారో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ కారుకు డ్రైవరు మా అన్నే.

అప్పుడే మా వదినకు కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగిందని, పట్నం దవాఖానకు పోతే తప్ప ఇద్దరూ దక్కరని మంత్రసాని చేతులెత్తేసింది. ఎద్దుబండి పోయేసరికి ప్రాణం ఉండదు, దొర కారు తీస్తే ఇబ్రహీంపట్నం దాటనివ్వరు. అన్న తల పట్టుకుని కూర్చుంటే, నేను పోయి కారు లైట్లకు పసుపు పూసి, ముందర వేపమండలు కట్టి, ఇక దీపం వెలిగించమన్నాను.

"పట్టపగలు దీపమేంది, పిస్స లేసిందా నీకు?"

"అమ్మోరి బోనం మీద దీపం పగలే ఎలిగిస్తం గద అన్నా. దాని మీద ఎవడన్న రాయేస్తడా?"

రెండు లైట్లలో ఒకటే వెలిగింది. బోనానికి దీపం ఒకటే అని చెప్పి, వదిన తల నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఇబ్రహీంపట్నం ముందరి మలుపులో అనుకున్నంతా అయింది. రెండు దిక్కులా జనం, చేతుల్లో వడిసెలలు, వాటిలో రాళ్లు. అన్న కారు మెల్లగా చేశాడే కానీ ఆపలేదు. అప్పుడు ఒక ముసలమ్మ రోడ్డు మీదికొచ్చి రెండు చేతులూ చాపింది.

"ఆగుండ్రి. దీపమున్నది, కండ్లు కనవడ్తలేవా?"

కారు ఆగింది. ఆమె లోపలికి తొంగిచూసి, వదిన మొహం చూసి, తన కొంగుతో చెమట తుడిచింది. తర్వాత అన్న వైపు తిరిగింది.

"దొరకేం జెప్తవ్ ర?"

"దొరొస్తె గద అవ్వా, జెప్పేది."

వడిసెలలు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు. దీపమున్న కారు వస్తోంది, కొట్టొద్దని ముందరి ఊళ్లకు డప్పు మీద కబురు పోయింది. పట్నం దాకా ఒక్క రాయి పడలేదు, వదినా దక్కింది, ఆడపిల్లా దక్కింది. ఆ పిల్లే పెద్దయి పంతులమ్మయి, నా జుట్టు నెరిసినాక చెయ్యి పట్టి నాకు అక్షరాలు దిద్దించింది. నేనిది రాయగలుగుతున్నది అందుకే. గొప్ప చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాను, ఆ తెలివి నాదే.

ఇప్పుడు ఆ రోడ్డు మీద బండ్లు చీమల బారులా పోతాయి. రాయి పట్టిన చెయ్యి లేదు, మంచిదే. కానీ ఆపి, లోపల ఎవరున్నారో చూసి, కొంగుతో చెమట తుడిచేవాళ్లు కూడా లేరు.